మాయమైన ఓమ్నిబస్ కార్డు

"మా ఆఫీసులో ఒక మాట పోయిందండీ," అంది ఆవిడ, గుమ్మంలోనే నిలబడి.

కండక్టరమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మాట పోవడం ఏ ఆఫీసులోనైనా ఉండేదేగా! అన్నవాళ్ళు వెనక్కి తీసుకుంటే సరి. రండి, కూర్చోండి."

వచ్చినావిడ నవ్వలేదు. అరవైకి దగ్గర పడిన మనిషి. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. కుడి చేతిలో పెద్ద తాళాల గుత్తి ఉంది. దాన్ని ఎవరో లాక్కుపోతారన్నట్టు గుండెకి ఆనించి పట్టుకుంది.

"సాయంత్రం ఐదింటికి ఈ తాళాలు ఇచ్చెయ్యమన్నారు. ముప్పై ఏళ్ళండీ! ఒక్క కార్డు పోగొట్టలేదు. ఇప్పుడు దొంగనన్న పేరుతో గేటు దాటాలి."

సైకిళ్ళ షాపు మీద ఉన్న ఆ చిన్న గదిలో నాలుగేళ్ళుగా ఇలాంటి మొహాలు చాలా కనిపించాయి. కండక్టరమ్మ ఇరవై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టింది. అరవై మంది కిక్కిరిసిన బండిలో ఎవరు టికెట్టు తీసుకోలేదో మొహం చూసి చెప్పగల మనిషి. ఉద్యోగం అయిపోయాక ఆ చూపును వృథా చెయ్యడం ఇష్టంలేక ప్రైవేటు పరిశోధన మొదలుపెట్టింది. రెండు రోజులు టైపు పనికి సాయం వస్తానన్న మరిది నాలుగేళ్ళయినా కదల్లేదు. "మా వదిన ఒక్కసారి చూసిందంటే ఎక్స్‌రే తీసినట్టే," అని సైకిళ్ళ షాపుకి వచ్చినవాళ్ళకి కూడా చెబుతుంటాడు.

"ఏ మాట పోయింది?" అనడిగింది కండక్టరమ్మ.

"ఓమ్నిబస్."

"బస్సా?" అన్నాడు మరిది, టైపు మిషను మీంచి తలెత్తి. "బస్సు పోతే బస్సు డిపోకి వెళ్ళాలి గానీ."

"నువ్వు ఊరుకో మరిదీ. చెప్పండమ్మా, మొదట్నుంచీ."

ఆవిడ చెప్పింది. ఊళ్ళో ఒక నిఘంటువు ఆఫీసు ఉంది. మనం రోజూ వాడే మాటలు ఏ భాషలోంచి, ఎలా నడిచి వచ్చాయో చెప్పే పెద్ద పుస్తకం అక్కడ తయారవుతోంది. ఒక్కో మాటకి ఒక్కో అట్ట కార్డు. నాలుగు లక్షల కార్డులకీ ఈవిడే కాపలా. అందరూ తాళాలమ్మ అంటారు. ఎవరు కార్డు తీసినా దాని చోట ఒక గులాబీ రంగు చీటీ పెట్టాలి. మాట, తేదీ, తీసినవాళ్ళ పేరు, ఎందుకు తీశారో అందులో రాయాలి. ఆ బదులు చీటీ లేకుండా కార్డు కదిలితే తప్పు తాళాలమ్మదే.

"నిన్న సాయంత్రం కార్డు ఉంది. నేనే సొరుగులో పెట్టి తాళం వేశా. పొద్దున తొమ్మిదికి తాళం తీశా. పదింటికి ప్రెస్సువాళ్ళకి ఇద్దామని చూస్తే కార్డూ లేదు, చీటీ లేదు. బల్లలు వెతికారు, సంచులు వెతికారు, చెత్తబుట్టలు బోర్లించారు. ఎవరూ గేటు దాటలేదు. నేను రావడానికి కూడా నా సంచి దులిపి చూపించాల్సి వచ్చింది."

"అంటే కార్డు ఇంకా లోపలే ఉంది," అంది కండక్టరమ్మ. లేచి చెప్పులు వేసుకుంది. "మరిదీ, మిషను పట్టుకో. సంతకాల కాయితాలు ఐదు కొట్టుకురా."

*

నిఘంటువు ఆఫీసు పాత రెండంతస్తుల మేడ. కింద పొడుగాటి హాలు. గోడల పొడుగునా ఆకుపచ్చ రంగు చెక్క బీరువాలు, వాటి నిండా ఇత్తడి పిడుల సొరుగులు. పాత కాయితం వాసన, పెన్సిలు పొట్టు వాసన. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

ప్రధాన సంపాదకుడు, ఆఫీసులో అందరికీ పెద్దాయన, ఎదురొచ్చాడు. లావుపాటి మనిషి. మాట్లాడితే కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"ఈవిడెవరండీ? కండక్టరా? మాకు కావలసింది కార్డు, టికెట్టు కాదు!"

"రెండూ అట్టముక్కలేగా సార్," అంది కండక్టరమ్మ నెమ్మదిగా. "ముందు ఈ కాయితంలో పొద్దున తొమ్మిది నుంచి పది దాకా ఎక్కడున్నారో రాసి సంతకం పెట్టండి."

మరిది కాయితం అందించాడు. పైన టైపు చేసిన వరుస: "ఈ రోజు 11వ తేదీ ఉదయం నేను ఉన్న చోటు..."

పెద్ద సంపాదకుడు జేబులోంచి పెన్సిలు లాగి, 11 మీద అడ్డంగా రెండు గీతలు బరబరా కొట్టి, పైన 12 అని వేశాడు. కాయితం చిరిగినంత పనైంది. "ఈ రోజు పన్నెండు! తేదీ కూడా తెలీనివాళ్ళు దొంగని పడతారట!"

మరిది మొహం కందగడ్డలా అయింది. మిగతా నాలుగు కాయితాలూ దిద్దబోతుంటే కండక్టరమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"అలాగే ఉండనీ," అంది చిన్నగా.

"తప్పు కదా వదినా..."

"టికెట్టు చేతికిస్తే ఒకడు నాలుగు మడతలు పెడతాడు, ఇంకొకడు గొట్టంలా చుడతాడు. మడత చూసి మనిషిని గుర్తుపట్టిన రోజులున్నాయి నాకు. ఉండనీ."

పెద్ద సంపాదకుడి వాదన సూటిగా ఉంది. మూడో సంపుటం అచ్చుకి వెళ్ళాల్సిన రోజు ఇది. ఐదింటికి ప్రెస్సు బండి వెళ్ళిపోతుంది. ఈ ఆఫీసులో కార్డు ఎలా ఉంటే పుస్తకం అలా ఉండాలి. కొత్త కార్డు లేకపోతే ఇప్పటికే పేర్చిన పాత పేజీయే అచ్చవుతుంది.

"అంటే కార్డు పోవడంవల్ల మీకు పని తగ్గింది," అంది కండక్టరమ్మ.

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. "నాకు ఆలస్యం ఇష్టం లేని మాట నిజమే. నిన్న ఆ అమ్మాయితో గట్టిగానే అన్నాను, ఇప్పుడెందుకమ్మా ఈ కొత్త తలనొప్పి అని. అంతమాత్రాన కార్డు మింగేస్తానా?"

ఆ అమ్మాయి అంటే ఉపసంపాదకురాలు. ముప్పై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఏడ్చిన కళ్ళు. కాయితం అందుకోగానే 11 చుట్టూ సన్నగా సున్నా చుట్టి, అక్కణ్ణించి అంచుదాకా గీత లాగి, దాని కొసన 12 వేసింది. తరవాతే చదవడం మొదలుపెట్టింది.

"కార్డు రాసింది నేనే. మళ్ళీ రాయొచ్చు కదా అంటారేమో. రాయొచ్చు. కానీ దాని వెనక ఒక ఉత్తరం అతికించి ఉంది. ఆధారం లేని కార్డు ఇక్కడ చెల్లదు. కార్డు చేతిలోకి రాగానే తిప్పి, వెనకున్న ఆధారంతో ముందున్నది సరిపోయిందా లేదా చూడాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నేర్పిస్తారు."

"ఉత్తరంలో ఏముంది?"

"టోపీల కొట్టు కథకి ఆధారం లేదని ఉంది."

మరిది చెవులు నిక్కించాడు. "బస్సుకీ టోపీకీ ఏం సంబంధమమ్మా?"

"ఆ సంబంధం నేను చెబుతానండీ!" అని వెనకనించి ఒక నవ్వు వినిపించింది.

ఉన్ని టోపీ పెట్టుకున్న సన్నటి ముసలాయన మంచినీళ్ళ గ్లాసులు ట్రేలో పెట్టుకుని వస్తున్నాడు. ముందు తాళాలమ్మకి ఒక గ్లాసు ఇచ్చి, తరవాత అందరికీ ఇచ్చాడు. లాటిన్ మాటలన్నీ ఆయన బల్ల మీదుగానే పోతాయట. అందరూ టోపీ మాస్టారు అంటారు.

"ఓమ్నిస్ అంటే లాటిన్‌లో సకలం, ప్రతి ఒక్కటీ. బహువచనం చేసి చతుర్థీ విభక్తి తగిలిస్తే ఓమ్నిబస్. అంటే అందరికీ. ఫ్రెంచివాళ్ళు ఎవరైనా ఎక్కే గుర్రబ్బండికి ఆ పేరు పెట్టారు. పల్లకీ ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే బండి కదా, అందుకని. ఇంగ్లీషువాళ్ళకి అంత పొడుగు మాట అనే ఓపిక లేక, తల కోసేసి తోక మిగుల్చుకున్నారు. ఆ తోకే బస్."

"ఆ తోకకి అర్థమేమిటి మాస్టారూ?" అంది కండక్టరమ్మ.

"ఏమీ లేదమ్మా! అది ఉత్త విభక్తి. మన 'లకు' ఉంది చూడండి, పిల్లలకు, పెద్దలకు... ఆ 'లకు' అంతే. ప్రపంచమంతా 'లకు' ఎక్కి ఆఫీసులకి పోతోంది!"

కండక్టరమ్మ పగలబడి నవ్వింది. "ఇరవై రెండేళ్ళు నేను విభక్తి మెట్ల మీద నిలబడి ఉద్యోగం చేశానన్నమాట! పింఛను కాయితాల్లో ఆ సంగతి రాయనేలేదు."

"మరి టోపీల కొట్టు?" అన్నాడు మరిది.

"మొదట ఆ బండి నడిచిన ఫ్రెంచి ఊళ్ళో, బండ్లు ఆగేచోట ఒక టోపీల కొట్టు ఉండేదట. యజమాని ఇంటిపేరు ఓమ్నెస్. బోర్డు మీద 'ఓమ్నెస్ ఓమ్నిబస్' అని రాయించాడట, ఓమ్నెస్‌గారి సరుకు అందరికీ అని. ఆ బోర్డు చూసి బండికి జనం ఆ పేరు పెట్టారని కథ. రేడియోలో చెప్పాను, బళ్ళలో చెప్పాను. నాకీ పేరు వచ్చింది కూడా దాంతోనే." ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఇప్పుడీ అమ్మాయి ఆ ఊరి రికార్డు ఆఫీసుకే రాసి, అలాంటి కొట్టు జాడ లేదని తెప్పించింది. పోతే పోనీండి. వానకి తడిసిన టోపీ, దులిపి ఆరేసుకుంటా!"

అందరూ నవ్వారు. ఉపసంపాదకురాలు కూడా కళ్ళు తుడుచుకుని కొంచెం నవ్వింది. మాస్టారు కాయితం అందుకుని, 11 కింద చిన్న చుక్కలు రెండు పెట్టి, అంచున బుల్లి గడి గీసి అందులో 12 వేసి, పొద్దున తన బల్ల దగ్గరే ఉన్నానని రాసి, సంతకం పెట్టాడు.

ప్రెస్సు మేస్త్రి గేటు పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గోళ్ళ నిండా సిరా. కాయితం ఇవ్వగానే సంతకం పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

"చదవలేదేం?" అన్నాడు మరిది.

"మేం చదవం సార్, పేరుస్తాం. చదువుతూ కూర్చుంటే పేజీ దిగదు." మేస్త్రి ఆవులించాడు. "కొత్త కార్డు వస్తే నాలుగు లైన్లు విప్పి మళ్ళీ కట్టాలి. రాకపోతే నాకు సుఖం. నిజమే చెబుతున్నా. కానీ దొంగతనం చేసేంత బద్ధకం నాకు లేదు!"

చివరి కాయితం తాళాలమ్మది. ఆవిడ కాసేపు 11 వైపు చూసి, నాలిక చివర తడి చేసిన చిన్న జిగురు కాయితం ముక్క దాని మీద అంటించి, ఆ ముక్క మీద ముత్యాల్లాంటి అంకెలతో 12 వేసింది. కొట్టివేతలు ఆవిడకి పడవట.

*

మధ్యాహ్నం రెండున్నరకి కండక్టరమ్మ చేతులు కడుక్కుంటానంది. తాళాలమ్మా, మరిదీ వెంట నడిచారు. కొళాయి ఉన్న చోటికి వెళ్ళాలంటే వెనక గది దాటాలి. పొద్దున తొమ్మిదికీ పదికీ మధ్య సంతకాలు పెట్టిన ఐదుగురూ ఒక్కసారైనా ఆ గది దాటారు. ఆమె ఆ సంగతి అప్పటికే అందరినీ అడిగి తెలుసుకుంది.

వెనక గదిలో కూడా బీరువాలే. వాటి మీద వేలెడు దుమ్ము.

"ఇవేమిటి?"

"పుస్తకంలోకి ఎక్కని కార్డులండీ," అంది తాళాలమ్మ. "పాతవి, తప్పువి, మార్చి రాసినవి. రెండు లక్షలుంటాయి. ఏ కార్డూ పారెయ్యం. రిటైరైన మాటలు అంటాం."

"ఇక్కడ వెతికారా?"

"మూడు నెలలు పడుతుందని పెద్దాయన అన్నారు. ఇక్కడ దాస్తే దాచినవాడికే దొరకదని టోపీ మాస్టారు కూడా అన్నారు."

కండక్టరమ్మ గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"మరిదీ, ఒక కార్డు దాచమంటే నువ్వెక్కడ దాస్తావు?"

"పరుపు కింద. లేదా ఏదో ఒక సొరుగులో దూర్చేస్తా."

"నువ్వు దూరుస్తావు, నేనూ దూరుస్తాను. ప్రెస్సు మేస్త్రీ దూరుస్తాడు. కానీ ముప్పై ఏళ్ళు కార్డులు వరుసలో పెట్టిన చెయ్యి దూరుస్తుందా?" ఆమె తాళాలమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఓమ్నిబస్ రిటైరైతే ఎక్కడ కూర్చుంటుంది?"

తాళాలమ్మ ఆలోచించలేదు. కాళ్ళే ఆవిణ్ణి తీసుకువెళ్ళాయి. మూడో బీరువా, కింద నించి రెండో సొరుగు. వేళ్ళు కార్డుల మీద పరుగెత్తాయి, ఆగాయి. పసుపుబారిన కార్డుల మధ్య ఒక తెల్లటి అంచు.

ఆవిడ గొంతులోంచి కేక వచ్చేలోపు కండక్టరమ్మ చేత్తో ఆ నోరు మూసేసింది.

"అరవకండి. ఇంకో గంట మీరు దొంగగానే ఉండాలి."

"దొరికింది కదండీ! నా తాళాలు..."

"దొరికింది. ఎక్కడ దొరికింది? వరుస తప్పకుండా పాత కార్డుల మధ్య. పెద్దాయన ఏమంటారు? తాళాలమ్మే పొరపాటున ఇక్కడ పెట్టేసిందంటారు. కాదంటారా?"

తాళాలమ్మ మొహం పాలిపోయింది. అది నిజమేనని ఆవిడకి అర్థమైంది. ఇంత చక్కగా కార్డు పెట్టగలవాళ్ళలో ఆవిడదే మొదటి పేరు.

"కార్డు దొరికితే తాళాలు మిగులుతాయి. మచ్చ పోవాలంటే మనిషి దొరకాలి," అంది కండక్టరమ్మ. కార్డును అంచులు పట్టుకుని పైకి తీసి, కిటికీ వెలుగులో ముందూ వెనకా చూసింది. ముందు వైపు ఉపసంపాదకురాలి నీలం సిరా. చివరి వరుసలో ఉత్తరం తేదీ 14 అని ఉంది. ఆ 14 కింద పెన్సిలుతో రెండు చుక్కలు, అంచున చిన్న గడిలో 16. వెనక అతికించిన ఉత్తరం మీద తేదీ నిజంగానే 16.

ఆమె చాలాసేపు చూసి, కార్డు మళ్ళీ దాని చోటే పెట్టి, సొరుగు మూసింది.

"ఏం కనిపించింది వదినా?" అన్నాడు మరిది.

"నీ టైపు తప్పు ఎంత గొప్పదో కనిపించింది. పద."

*

మూడున్నరకి అందరూ హాల్లో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. ప్రెస్సు మేస్త్రి గడియారం వైపు చూస్తున్నాడు. పెద్ద సంపాదకుడు వేళ్ళతో బల్ల మీద వాయిస్తున్నాడు. టోపీ మాస్టారు తాళాలమ్మ ముందు మళ్ళీ ఒక గ్లాసు నీళ్ళు పెట్టాడు.

"కార్డు ఉన్న చోటు తెలిసింది," అంది కండక్టరమ్మ. "వెనక గదిలో, రిటైరైన మాటల మధ్య, ఓమ్నిబస్ కూర్చోవలసిన చోటే కూర్చుంది."

"చెప్పానా!" పెద్ద సంపాదకుడు లేచాడు. "తాళాలమ్మా, అలవాటు కొద్దీ నువ్వే..."

"కూర్చోండి సార్, బండి ఇంకా ఆగలేదు."

ఆ గొంతులో ఏముందో, ఆయన కూర్చున్నాడు.

"వరుస తప్పలేదు కాబట్టి ప్రెస్సు మేస్త్రి కాదు. ఆయనకి ఆ గదిలో ఏ సొరుగు ఏదో తెలీదు. దాచింది కార్డుల మనిషే. దొంగతనం చేస్తూ కూడా కార్డును తప్పు చోట పెట్టడానికి చెయ్యి రాని మనిషి. అలాంటివాళ్ళు ఇక్కడ నలుగురున్నారు." ఆమె మరిది చేతిలోంచి కాయితాలు తీసుకుంది. "మీరందరూ మంచి పనివాళ్ళు. అదే కొంప ముంచింది. కార్డు చేతిలోకి రాగానే తిప్పి చూడాలి కదమ్మా?"

ఉపసంపాదకురాలు తలూపింది.

"దొంగ కూడా తిప్పి చూశాడు. ముందు తేదీ 14, వెనక ఉత్తరంలో 16."

"అయ్యో!" అంది ఉపసంపాదకురాలు. "తొందరలో తప్పు రాశానా?"

"రాశారు. ఎవరో దిద్దారు. మీరు దిద్దారా?"

"తప్పని ఇప్పుడే తెలిసిందండీ!"

"నిన్న సాయంత్రం సొరుగులో పెట్టేటప్పుడు ఆ దిద్దుబాటు ఉందా తాళాలమ్మా?"

"లేదండీ. పెన్సిలు గీత ఉంటే నేను తీసుకోను. జిగురు ముక్క అంటించి తెమ్మంటాను."

"కాబట్టి దిద్దింది దాచిన చెయ్యే. ఇక మా మరిది కొట్టిన తేదీ చూడండి. మా మరిది మంచివాడు, రోజు మాత్రం ఒకటి వెనక ఉంటాడు. ఈ తప్పును ప్రెస్సు మేస్త్రి చూడనేలేదు. మిగతా నలుగురూ చదవకముందే దిద్దేశారు! పెద్దాయన రెండు గీతలు కొట్టారు. ఈ అమ్మాయి సున్నా చుట్టి గీత లాగింది. తాళాలమ్మ జిగురు ముక్క అంటించింది. కార్డు మీద ఇవేవీ లేవు. కింద రెండు చుక్కలు ఉన్నాయి, అంచున చిన్న గడి ఉంది."

నాలుగో కాయితాన్ని ఆమె బల్ల మీద పెట్టింది. గడియారం టకటకలాడింది.

టోపీ మాస్టారు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన బట్టతల ఆఫీసులో ముగ్గురు తప్ప ఎవరూ చూసి ఉండరు.

"దాచేటప్పుడు కళ్ళు మూసుకోవాల్సింది," అన్నాడు. "పద్నాలుగు కనిపించింది. పదహారు కదా అనుకున్నాను. చెయ్యి ఆగలేదు."

"మాస్టారూ, మీరా!" అన్నాడు పెద్ద సంపాదకుడు. ఈసారి అద్దాలు గలగలమనలేదు.

"ముప్పై ఏళ్ళు ఆ కథ చెప్పానండీ. మా అమ్మాయి పెళ్ళిలో కూడా చెప్పాను, వియ్యాలవారు రెండోసారి చెప్పించుకున్నారు. రేపు పుస్తకం వచ్చాక ఏమంటారు? టోపీ మాస్టారు ఊరంతటికీ టోపీ పెట్టాడంటారు. ఐదు దాటితే ఆ కథ ఉన్న పాత పేజీ అచ్చయిపోతుంది, రేపు కార్డు తెచ్చి నేనే పెట్టేద్దామనుకున్నా. తాళాల దాకా వస్తుందని అనుకోలేదు. వచ్చాక... నోరు పెగల్లేదు."

తాళాలమ్మ లేచి నిలబడింది.

"పొద్దున్నించీ నాకు మూడుసార్లు మంచినీళ్ళిచ్చారు," అంది. "తాగినప్పుడల్లా అనుకున్నా, ఇంతమందిలో నన్ను నమ్మింది ఈయనొక్కడే అని. గేటు దగ్గర నా సంచి దులుపుతుంటే మీరు పక్కనే ఉన్నారు. టోపీ సవరించుకున్నారు గానీ ఒక్క మాట అనలేదు."

మాస్టారు తల దించుకున్నాడు. "ఏ శిక్ష వేసినా పడతాను."

"వేస్తా." ఆవిడ సొరుగు లాగి, గులాబీ రంగు చీటీ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. పెన్సిలు కూడా ఇచ్చింది. "కార్డు తీశారు. చీటీ పెట్టలేదు. రాయండి."

మాస్టారు రాశాడు. మాట: ఓమ్నిబస్. తేదీ: 12. పేరు రాశాడు. ఎందుకు తీశారు అన్న గడి దగ్గర పెన్సిలు ఆగింది. చాలాసేపటికి ఒక్క మాట వేసి, చీటీ తిప్పి ఇచ్చాడు. తాళాలమ్మ చదివింది. ఆవిడ పెదవులు బిగుసుకున్నవి కాస్తా వదులయ్యాయి. ఆ చీటీని ఎవరికీ చూపించకుండా కొంగున ముడి వేసుకుంది.

"మాస్టారి సంగతి రేపు చూద్దాం," అన్నాడు పెద్ద సంపాదకుడు, గొంతు సవరించుకుని. "తాళాలమ్మా, నేను... పొద్దున నేనన్నది..."

"పోయిన మాటలన్నీ వెతకడం నా వల్ల కాదు సార్," అంది కండక్టరమ్మ. "మీరన్నది మీరే వెనక్కి తీసుకోవాలి."

"తీసుకున్నాను," అన్నాడాయన, అంత లావు మనిషీ చిన్నబోయి. "అందరి ముందూ తీసుకున్నాను. క్షమించు."

"కబుర్లు తరవాతండీ!" ప్రెస్సు మేస్త్రి బెంచీ చప్పుడు చేశాడు. "కార్డు దొరికితే నాలుగు లైన్లు మార్చాలి. టైమెంతైందో చూశారా? సరిగ్గా నాలుగు లైన్లే ఉండాలి. ఐదో లైను వస్తే పేజీ అంతా జారుతుంది. ఎవరు రాస్తారో త్వరగా రాయండి."

ఉపసంపాదకురాలు కార్డు తెచ్చుకుని, నాలుగు వరుసల్లోకి విషయాన్ని ఇమడ్చడానికి రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేసింది. మూడోసారి కాయితాన్ని టోపీ మాస్టారి ముందుకి జరిపింది.

"మీరైతే సరిపెడతారు మాస్టారూ."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలిశాక పెన్సిలు అందుకున్నాడు. ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. మేస్త్రి ఆ కాయితం లాక్కుని, వేలితో అక్షరాలు లెక్కపెడుతూ, ఆ రోజుకి మొదటిసారి ఒక విషయం పైకి చదివాడు:

"లాటిన్ ఓమ్నిస్, సకలం. చతుర్థీ బహువచనం ఓమ్నిబస్, అందరికీ. అందరూ ఎక్కే బండికి ఫ్రెంచిలో పేరైంది. తల పోగా మిగిలిన విభక్తి బస్. ఒక టోపీల కొట్టు బోర్డు నుంచి వచ్చిందని కథ. ముచ్చటైన కథే. ఆధారం లేదు."

మేస్త్రి తలెత్తాడు. "నాలుగు లైన్లే. దిగుతుంది. బాగుంది కూడాను!" అని పరుగు తీశాడు.

ఐదు గంటలు కొట్టేసరికి ప్రెస్సు బండి గేటు దాటింది. తాళాలమ్మ గుత్తిని నడుముకి దోపుకుని చప్పట్లు చరిచింది.

"ఐదైంది. అందరూ బయటికి నడవండి, తాళం వేసుకోవాలి. పెద్దాయనా, మీరు కూడా. మాస్టారూ, టోపీ మర్చిపోకండి. రేపు మంచినీళ్ళు నేను తెస్తాను. మీ నీళ్ళు ఇక తాగను."

*

బస్టాపులో జనం బాగా ఉన్నారు. మరిది మిషను భుజం మార్చుకున్నాడు.

"వదినా, చీటీలో ఎందుకు అన్న చోట మాస్టారు ఏం రాశారో చూశావా?"

"చూశా. తలకిందులుగా ఉన్న టికెట్టు నంబరు చదివిన కళ్ళివి."

"ఏం రాశారు?"

"ఆవిడ కొంగున ముడి వేసుకుంది కదా. ఆవిడ విప్పితే తెలుసుకో."

మరిది కాసేపు మూతి ముడిచాడు. అంతలోనే చేటంత మొహం చేసుకున్నాడు. "అయితే ఈ కేసు తేల్చింది నా టైపు తప్పన్నమాట!"

"నీ తప్పే. రేపటినించి తేదీలన్నీ నువ్వే కొట్టు." ఆమె మెడ చాచి రోడ్డు వైపు చూసింది. మలుపులో ఎర్రటి ముక్కు కనిపించింది. జనం ఒక్కసారిగా ముందుకి కదిలారు. "మిషను జాగ్రత్త. 'లకు' వస్తోంది, ఎక్కు."